రిసీవర్‌కు ఎవరు చెప్పినారు?

మొన్న ఎండాకాలం గిద్దలూరులో ఒక మిద్దె మీద సెల్ టవరు పని చూడటానికి వెళ్ళి, అలవాటు కొద్దీ రేడియో పెట్టె వెనక రేకుల మీద అరచెయ్యి పెట్టాను. చుర్రుమంది. కాలిన దుమ్ము వాసన, వేడెక్కిన అల్యూమినియం వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. ఆ వాసన తగిలితే చాలు, మార్కాపురంలో మేం చదివిన కాలేజీ ల్యాబు గుర్తొస్తుంది. ఆ వెంటనే నాగరత్నం మేడం గుర్తొస్తారు. మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తున్న ఇంటి అవ్వ నన్ను చూసి నవ్వింది. "ఎండకు పెట్టిన ఇనుము మీద చెయ్యి పెడితే కాలదా తల్లీ?" అంది. "ఎండ కొంతే అవ్వా, మిగతాది దాని లోపలి కష్టం," అన్నాను. "దానికేం కష్టం?" అంది. మిరపకాయల పక్కనే గొంతుక్కూర్చుని చెప్పాను. ఈ పెట్టె పంపేది ఒక్క అల కాదు, వందల చిన్న అలలు. ఒక్కొక్కటి ఒక్కో ముక్క కబురు మోసుకుపోతుంది. మామూలుగా కొన్ని పైకి లేస్తే కొన్ని కిందికి దిగుతాయి, మొత్తం ఒక మోస్తరుగా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పైకి లేస్తాయి. ఆ క్షణం కోసం లోపలి యాంప్లిఫయర్ ఎప్పుడూ చాలా శక్తి చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. చుట్టాల గుంపు ఎప్పుడొస్తుందో తెలియక రోజూ పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టుకున్నట్టు. ఊరికే మండిన ఆ మంటే ఈ వేడి. అవ్వ నోటి మీద వేలేసుకుంది. "ఇంత వివరంగా నీకు ఎవరు చెప్పినారే?" అంది. నేను జవాబు చెప్పేలోపు కింద నుంచి కోడలు పిలిచింది, ఆమె దిగిపోయింది. ఆ జవాబు నా నోట్లోనే ఉండిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు చెన్నమ్మ. మాది బేస్తవారిపేట. మా నాయన వానను నమ్ముకుని కంది వేసేవాడు, బర్రెల్ని నమ్ముకుని మమ్మల్ని చదివించాడు. నా గొంతు పుట్టుకతోనే పెద్దది, బర్రెల్ని అదిలించి అదిలించి ఇంకా పెద్దదయింది. బళ్ళో, బస్సులో, పెళ్ళిళ్ళలో, నేను నోరు తెరిస్తే చాలు "మెల్లగా మాట్లాడు పాపా" అనేవాళ్ళే. మా మేనత్త అయితే ఇంకో మెట్టు పైకెక్కి, "దీన్ని చేసుకునేవాడు చెవుల్లో దూది పెట్టుకోవాల," అనేది. నాకు ఒళ్ళు మండేది. మండిన కొద్దీ గొంతు ఇంకా లేచేది. ఏం చెప్పమంటారు, ఆ రోజుల్లో నేను నోరు మూసుకున్నది నిద్రలోనే. అదీ అనుమానమే, నిద్రలో కూడా కలవరిస్తానని మా చెల్లెలు అంటుంది.

నాగరత్నం మేడం మాకు మూడో సంవత్సరంలో కమ్యూనికేషన్స్ చెప్పారు. గిద్దలూరు వర్తకుల ఆడపడుచు. మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రంగనాయకులు గారి భార్య. నలభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేవారు, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీదికి జారుతుండేది, చీర కొంగు నడుములో దోపి ఉండేది. ఉద్యోగం చేస్తూనే, మధ్యాహ్నం ల్యాబులో బొరుగులూ ఉల్లిపాయలూ తింటూ, డాక్టరేటుకు చదువుతుండేవారు. ఇందాక అవ్వకు చెప్పానే, అలలన్నీ ఒక్కసారి లేచి చేసే ఆ శిఖరాలను తగ్గించడమే ఆమె పరిశోధన. ఊళ్ళో ఎవరైనా "ఏం చదువుతున్నావమ్మా ఇన్నేళ్ళు?" అని అడిగితే, "గలాటా తగ్గించే చదువు," అనేవారు.

ఆ పాఠం ఆమె బోర్డు మీద మొదలుపెట్టలేదు. మా బెంచీల్ని మూడు వరసలుగా విడదీశారు. తాను అంకెలు లెక్కపెడుతుంటే మొదటి వరస ప్రతి రెండో అంకెకు, రెండో వరస ప్రతి మూడో అంకెకు, నా వరస ప్రతి నాలుగో అంకెకు బల్ల మీద గుద్దాలన్నారు. ఇంజనీరింగు పిల్లలకు బల్లలు గుద్దమని చెప్పే లెక్చరర్ దొరకడం మామూలు అదృష్టమా! రెచ్చిపోయాం. పన్నెండో అంకె దగ్గర మూడు వరసలూ ఒక్క దెబ్బ కొట్టేసరికి కిటికీ రెక్కలు అదిరాయి. పక్క గదిలో నుంచి లెక్కల సారు పరుగెత్తుకొచ్చారు. మేడం ఆయనకు సర్దిచెప్పి పంపి, మా వైపు తిరిగి, "ఇప్పుడు ఎవరినీ మాన్పించకుండా ఈ చప్పుడు తగ్గించాల. ఎట్ల?" అన్నారు. ఒకడు లేచి, "గట్టిగా వచ్చేటప్పుడు అందరి చేతులూ పట్టుకుంటే సరి మేడం," అన్నాడు. "అది కత్తిరించటం నాయనా. చప్పుడు తగ్గుతాది, దాంతోపాటు వాళ్ళు చెప్పాలనుకున్నది గూడ చెడిపోతాది," అన్నారు. అప్పుడు వెనక నుంచి ఇంకొకడు, "చెన్నమ్మ ఒక్కదాన్ని ఆపండి మేడం, సగం తగ్గిపోద్ది!" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేను నోరు తెరవబోతున్నాను.

మేడం నవ్వలేదు. "ఎందుకు ఆపాల? ఆ పిల్ల కొట్టాల్సింది ఆ పిల్ల కొట్టాల, ఎంత గట్టిగా కొట్టాల్నో అంత గట్టిగానే. ఎప్పుడు మొదలుపెట్టాల్నో చూసుకోవటమే మన పని," అన్నారు. మా వరసను ఒక్క అంకె ఆలస్యంగా అందుకోమన్నారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఎంతసేపు కొట్టినా ఈసారి మూడు వరసలూ ఒక్కసారి కలవలేదు. ఇద్దరిద్దరు కలిశారంతే. అదిరిపడే ఆ ఒక్క దెబ్బ ఎటు పోయిందో! "మొత్తానికి పోదు. తగ్గుతాది. మనకు కావాల్సింది అంతే," అన్నారు. అప్పటిదాకా నా గొంతు గురించి, నా చేతి గురించి, తగ్గించుకోమని కాకుండా ఇంకో మాట చెప్పినవాళ్ళు లేరు. ఆ పూట ఇంటికి పోయే బస్సులో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మా చెల్లెలు జ్వరమేమోనని నొసలు పట్టి చూసింది.

నాలుగో సంవత్సరంలో పట్టుబట్టి ఆమె దగ్గరే ప్రాజెక్టు తీసుకున్నాను. ఆమె చేసేది బల్లల పాఠం లాంటిదే. ప్రతి అలనూ కొద్దికొద్దిగా ముందుకో వెనక్కో జరపాలి. ఆ జరపడం రకరకాలుగా చేసి చూసి, ఏ పద్ధతిలో శిఖరం తక్కువగా వస్తుందో ఆ పద్ధతిలో పంపాలి. కంప్యూటరులో వచ్చిన ఫలితాలు ఎంత బాగున్నాయంటే, వాటితో ఒక పేపరు అచ్చయింది, యూనివర్సిటీలో ఆమె గైడు కూడా ఫోనులో మెచ్చుకున్నారట. మెచ్చుకోలు అవసరమైన సమయమే అది. డాక్టరేటు లేనివాళ్ళను వచ్చే ఏడాది ఉంచుకునేది లేదని మా కాలేజీ యాజమాన్యం అందరి ముందూ చెప్పేసింది. యూనివర్సిటీలో ఒక సెమినార్ ఇచ్చి గట్టెక్కితే ఆ వేసవికే థీసిస్ ఇచ్చేయవచ్చు. సెమినార్‌కు తేదీ కూడా ఖాయమైంది. రంగనాయకులు గారు దుకాణంలో వచ్చినవాళ్ళందరికీ, "ఇక నుంచి మా ఇంట్లో డాక్టరుంటాది, సూది మాత్రం వెయ్యదు," అని చెప్పుకునేవారు.

మేడం ప్రోగ్రామంతా పంపేవాడి వైపు నుంచి రాశారు. అందుకే నాకు కబురు అందుకునేవాడి వైపు, అంటే రిసీవర్ భాగాన్ని విడిగా, మొదటి నుంచి రాయమని ఇచ్చారు. నేర్చుకుంటానని ఇచ్చిన పని అది. రాశాను. నడిపితే వచ్చినదంతా చెత్త. పంపిన కబురుకూ అందిన కబురుకూ పొంతనే లేదు. నాదే తప్పనుకుని తిరగరాశాను. మళ్ళీ అదే చెత్త. ఇక లాభం లేదని మేడం పాత ప్రోగ్రాములో రిసీవర్ ఏం చేస్తున్నాడో చూద్దామని తెరిచాను. చూసేసరికి నాకు నవ్వు వచ్చింది, మళ్ళీ చదివితే ఆ నవ్వు పోయింది. అలల్ని ఏ పద్ధతిలో జరిపామో పంపేవాడు ఒక చోట రాసి పెట్టుకుంటున్నాడు. రిసీవర్ నేరుగా ఆ చోటికి పోయి చూసుకుంటున్నాడు! రెండూ ఒకే కంప్యూటరులో ఉన్నాయి కాబట్టి పంపేవాడి జేబులో చెయ్యి పెట్టి తీసుకుంటున్నాడు. బయట ఒకరు టవరు మీద, ఇంకొకరు ఎక్కడో కంభం చెరువు గట్టున ఉంటారు. జేబులో చెయ్యి పెట్టేదెట్లా? ఎలా జరిపామో కబురుతోపాటు పంపాలి. దానికి చోటు కావాలి. దారిలో అది చెడిపోతే మొత్తం కబురే పోతుంది. ఇవన్నీ కలుపుకుంటే ఆ గొప్ప ఫలితంలో ఎంత మిగులుతుంది?

ఇదంతా ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. అప్పుడు నిదానం ఎక్కడిది! ల్యాబులో మా శాఖాధిపతి ఉన్నారు, ఇద్దరు లెక్చరర్లు ఉన్నారు, పిల్లలున్నారు. అదేదీ కనపడలేదు నాకు. "మేడం! రిసీవర్‌కు ఎవరు చెప్పినారు?" అని అరిచాను. బర్రె పక్కవాళ్ళ చేలో పడితే అరిచే అరుపది. మేడం బొరుగుల డబ్బా మూత పెట్టి లేచి వచ్చారు. "ఏంది పాపా, మళ్ళా చెప్పు," అన్నారు. నాకు అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు కనపడ్డారు. గొంతు తగ్గించి చెవి దగ్గర చెప్పబోయాను. "గొణగబాక. మొదట ఎట్ల చెప్పినావో అట్లనే చెప్పు. నాకు మొత్తం వినపడాల," అన్నారు.

చెప్పాను. ఆమె నా కుర్చీలో కూర్చుని, తెర మీద ఒక్కో వరసా వేలితో తడుముతూ చదివారు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చదివారు. "అవును," అన్నారు. శాఖాధిపతి ఒంగోలు ఆయన, మంచివారే. దగ్గరికొచ్చి చూసి, "దీనికెందుకండీ అంత కంగారు? థీసిస్‌లో ఒక్క లైను రాసెయ్యండి, రిసీవర్‌కు ఇదంతా ముందే తెలుసని అనుకుంటున్నాం అని. అందరూ అలానే రాస్తారు కదా," అన్నారు. ఆయన అన్నది అబద్ధమేమీ కాదు, చాలామంది అలాగే రాస్తారు. మేడం తెర మీంచి చూపు తిప్పకుండానే, "మనం అనుకుంటే వాడికి తెలిసిపోతాదా సార్?" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే ఆయన చెబుతారేమోనని అడిగినట్టు అడిగారు. మరునాడు యూనివర్సిటీకి ఫోన్ చేసి సెమినార్ వద్దని చెప్పుకున్నారు.

అక్కడి నుంచి జరిగింది నాకు తలచుకోవడం కూడా కష్టమే. జరిపిన పద్ధతిని కబురులోనే కలిపి పంపి, రిసీవర్ తనంతట తాను కనిపెట్టుకునేలా చేయాలని మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. మొదట్లో వచ్చిన మేలులో చాలా భాగం ఆవిరైపోయింది. ఆ వేసవి గడిచింది. యాజమాన్యం మాట మీద నిలబడింది, మేడం ఉద్యోగం పోయింది. నాకు మాత్రం మంచి మార్కులతో డిగ్రీ వచ్చింది, హైదరాబాదులో ఉద్యోగం కూడా దొరికింది. మేడంకు పొదిలిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో తక్కువ జీతం పని దొరికింది. రోజూ మార్కాపురం నుంచి బస్సులో పోయి రావడం. నా నోరు ఒక్క పూట ఊరుకుని ఉంటే ఇదేదీ జరిగేది కాదు. చేసింది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు, అలాగని మనసుకు నెమ్మదీ లేదు. అందరి ముందూ అరవకుండా, పక్కకు పిలిచి చెప్పి ఉంటే ఆమెకు ఆలోచించుకునే సందు దొరికేదేమో. ఆమె ఆ ఒక్క లైను రాసుకునేవారేమో. ఉద్యోగం నిలిచేదేమో. హైదరాబాదు హాస్టల్లో అన్నం ముందు కూర్చుంటే ఇదే ఆలోచన.

మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు మేడం ఇంటికి వెళ్ళాను. వెళ్ళాలంటే భయం, వెళ్ళకపోతే ఇంకా భయం. గడపలోనే రంగనాయకులు గారు ఎదురయ్యారు. "రా తల్లీ రా! నీ నోరు చల్లగుండ, మా ఆవిడ ఇప్పుడు కోడి కంటే ముందు లేస్తా ఉంది, పొదిలి బస్సు కోసరం," అన్నారు. ఆయన అందరినీ ఆటపట్టించే మనిషి, నాకు తెలుసు. అయినా ఆ మాట ముల్లులా దిగింది. మేడం బొరుగులతో ఉగ్గాని చేసి, వేడివేడి బజ్జీలు వేసి నా ముందు పెట్టారు. నేను ముట్టుకోలేదు. "మేడం, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. "చల్లారిపోతాది, తిను ముందు," అన్నారు. తిన్నాక మళ్ళీ ఎత్తబోతే పాలిటెక్నిక్ పిల్లల గురించి చెప్పసాగారు. పొదిలిలో బల్లలు ఇనపవట, గుద్దితే ఊరంతా వినపడుతుందట. ఆమె నవ్వుతున్నారు, నేను నవ్వలేక చస్తున్నాను. నా మీద కోపం ఉందో లేదో తెలియలేదు. కోపమున్నా చెప్పే మనిషి కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిట్టి ఉంటే అక్కడే ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, నేను ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. "చెన్నమ్మా, వైవా పెట్టినారు. నువ్వు వస్తే బాగుంటాది," అన్నారు. ఆమె నన్ను దేనికైనా రమ్మని అడగడం అదే మొదలు. సెలవు ఇవ్వమని మేనేజరుతో పోట్లాడి మరీ వెళ్ళాను. యూనివర్సిటీ హాల్లో వెనక వరసలో రంగనాయకులు గారి పక్కన కూర్చున్నాను. ఆయన ఆ రోజు ఒక్క హాస్యం కూడా ఆడలేదు, చేతిరుమాలును మడతపెట్టడం, విప్పడం, అదే పని. మేడం ముందు నిలబడ్డారు. చీర కొంగు ఎప్పటిలా నడుములో దోపుకుని ఉంది. చక్కగా చెప్పారు. చివర్లో, పరీక్షించడానికి దూరం నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు కాగితాలు తిరగేస్తూ, "మీ మొదటి పేపరులో శిఖరం చాలా తగ్గింది. థీసిస్‌లో అందులో కొంతే తగ్గింది. ఏళ్ళ తరబడి పనిచేసి వెనక్కి నడిచారా?" అని అడిగారు. నేను అరిచిన అరుపుకు ఇక్కడ కూడా ఈమె సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది కదా అనుకున్నాను.

"మొదటిదాంట్లో నేను రిసీవర్ సంగతి మర్చిపోయినాను సార్," అన్నారు మేడం. "వినేవాడికి చెప్పకుండానే వాడికి తెలిసినట్టు లెక్కేసుకున్నాను. వాణ్ణి గూడ లెక్కలోకి తీసుకుంటే నిజంగా మిగిలేది ఇంతే."

ప్రొఫెసరు కాగితాలు పక్కన పెట్టారు. "తప్పు మీరే పట్టుకున్నారా?" అన్నారు. అవునంటే అయిపోయేది. అడ్డం చెప్పేవాళ్ళు అక్కడెవరూ లేరు. ఆమె ప్రోగ్రాము, ఆమె థీసిస్, ఆమె పోగొట్టుకున్న ఉద్యోగం. హాల్లో ఎవరూ తప్పు పట్టేవారు కాదు, నేను అసలే పట్టేదాన్ని కాదు.

"లేదు సార్. నాకు తెలీలే," అన్నారు మేడం. "మా స్టూడెంటు పట్టుకునింది. బి.టెక్ పిల్ల. ల్యాబంతా అదిరేటట్టు అరిచి చెప్పింది. అట్ల అరిచింది కాబట్టే ఈ పొద్దు నేను మీ ముందర నిలబడి నిజం చెప్పగలుగుతున్నాను. మెల్లగా చెప్పి ఉంటే నేను ఏదో ఒకటి సర్దుకొని పొయ్యేదాన్నేమో, నా అవసరం అట్లాంటిది అప్పుడు." ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని, వెనక వరసల్లో నా కోసం వెతికారు. "అదిగో, ఆడుంది. లెయ్యి చెన్నమ్మా. అందరూ చూడనీ నిన్ను."

ఇన్నేళ్ళు నేను మోసింది ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసని అప్పుడు అర్థమైంది. ఇంట్లో ఉగ్గాని ముందు చెప్పనివ్వకపోవడం కోపం కాదు. ఇంటి వంటగదిలో చెప్పి ముగించే మాట కాదని, అందరూ వినే చోటు కోసం దాచిపెట్టారు. రంగనాయకులు గారు మోచేత్తో పొడిస్తే లేచాను. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ప్రొఫెసరు నవ్వుతూ, "ఏదమ్మా, ఆ రోజు ఏమన్నావో ఒకసారి చెప్పు," అన్నారు. బేస్తవారిపేట అంతటికీ నోరుగల పిల్లనని పేరుపడ్డ నాకు మాట పెగల్లేదు. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే అలా నిలబడి ఉన్నాను. మేడమే అందుకుని, నా కంటే గట్టిగా, "రిసీవర్‌కు ఎవరు చెప్పినారు అనింది సార్!" అన్నారు. ఆ చిన్న మనిషిలో అంత గొంతు ఉందని అక్కడెవరికీ తెలియదు, రంగనాయకులు గారికి కూడా తెలియదట.

డాక్టరేటు వచ్చింది. పాత కాలేజీ వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు, ఆమె వెళ్ళలేదు. పొదిలి పిల్లలకు అలవాటు పడ్డానన్నారు. నేనిప్పుడు టవర్ల మీద రేడియోలు పరీక్షించే పనిలో ఉన్నాను. కాగితం మీద అంకెలు మరీ అందంగా వస్తే మీటింగులో లేచి అడుగుతాను. గొంతు తగ్గించుకోమని ఇప్పటికీ అంటారు, కొందరు నవ్వుతూ, కొందరు మొహం ముడుచుకుని. నేను ఏమీ అనుకోను. ఆ హాల్లో నన్ను లెయ్యమన్నది నాగరత్నం మేడం. కూర్చోమని మాత్రం ఆమె ఇంతవరకూ చెప్పలేదు.